చీతా మేని చుక్కలు

2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం పరిసర గ్రామాలవారు కొన్నాళ్ళపాటు పొద్దు గుంకక మునుపే ఇళ్ళకు చేరుకున్నారు. దివాన్‌చెరువు దగ్గరి అటవీప్రాంతంలో చిరుతపులి ఒకటి తిరుగుతున్నదని తెలియడమే అందుకు కారణం. అటవీశాఖవారు చెట్లకు కెమెరాలు కట్టారు, బోనులు పెట్టారు. కొద్దిరోజులకు అది కడియం నర్సరీల వైపు మళ్ళింది. కడియానికీ కోనసీమలోని ఆత్రేయపురానికీ నడుమ గౌతమి ప్రవహిస్తున్నది. ఏటికి ఈవలి గట్టున ఉన్నవారికి సైతం ఆ నాలుగు రోజులూ అదే ముచ్చట.

పొయ్యిమీద కుండ బోర్లించి, పలుచని బియ్యప్పిండి పాలలో గుడ్డ ముంచి పూతరేకులు తీసే ఆత్రేయపురంలోని ఏ ఇంటనైనా ఆనాడు ఇటువంటి సంభాషణ వినబడి ఉండేది.

"నాయనమ్మా! కడియం తోటల్లోకి చీతా వచ్చిందట, తెలుసా?"

"చీతా ఏమిట్రా నాన్నా? అందరూ చిరుత అంటుంటేనూ!"

"రెండూ ఒకటేనే. ఒంటినిండా చుక్కలుంటాయి. గంటకు నూరు కిలోమీటర్లు పరుగెత్తుతుంది."

"నూరు కిలోమీటర్లే! అయితే మన ఊరు రావడానికి దానికెంతసేపు?"

నాయనమ్మ భయం ఎటువంటిదైనా, ఆమె పలికిన పేరే సరియైనది. మనుమడు ఒక మృగం పేరును, మరొక మృగం పరుగును కలిపి చెప్పాడు. కడియం తోటలకు వచ్చినది చిరుత. మహావేగంతో పరుగెత్తేది చీతా. ఆ చీతా తెలుగునేల అడవులలో కనబడక ఏడు దశాబ్దాలు దాటింది.

ఈ పొరపాటు ఆ పిల్లవాడిది మాత్రమే అనుకోరాదు. వార్తాపత్రికలలోను, అనువాదాలలోను, చలనచిత్రాల సంభాషణలలోను చీతాను చిరుత అనడం, చిరుతను చీతా అనడం మనకు పరిపాటి అయింది. ఆంగ్లేయులు కూడ పూర్వం చీతాను 'వేట చిరుత' అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. పేర్ల వెనుక ఉన్న అర్థాలను చూస్తే తేడా తెలుస్తుంది. 'చిరుత' అంటే చిన్నది. పెద్దపులి కంటె చిన్నది కనుక అది చిరుతపులి. 'చీతా' అనే మాటకు మూలం సంస్కృతంలోని 'చిత్ర' శబ్దం. చిత్రవర్ణమైన, అంటే చుక్కలతో కూడిన, దేహం కలది చిత్రకం. అదే ఉత్తరాది భాషలలో చీతాగా మారి అక్కడినుండి ప్రపంచభాషలలోకి ప్రవేశించింది. ఒకటి దేహపరిమాణాన్ని బట్టి వచ్చిన పేరు; రెండవది దేహం మీది చిత్రాన్ని బట్టి వచ్చిన పేరు.

మన పూర్వులకు ఈ భేదం తెలియకపోలేదు. 19వ శతాబ్దిలో మద్రాసు రాజధానిలో వైద్యుడుగా పనిచేసి, పక్షులను, మృగాలను విశేషంగా పరిశీలించిన టి.సి. జెర్డన్ 1867లో భారతదేశపు క్షీరదాలపై ఒక గ్రంథం ప్రచురించాడు. ప్రతి జంతువుకూ దేశభాషలలో ఉన్న పేర్లను అడిగి తెలుసుకొని రాయడం ఆయన పద్ధతి. చీతాకు తెలుగులో 'చీతా పులి' అనీ, కన్నడంలో 'సివంగి' అనీ పేర్లున్నట్లు ఆయన నమోదు చేశాడు. నేడు తెలుగువారు శివంగి అంటే ఆడసింహం అనుకుంటున్నారు. ధైర్యవంతురాలైన స్త్రీని శివంగితో పోలుస్తున్నారు. యజమాని లేని ఇంటిని పొరుగువారు ఆక్రమించుకున్నట్లు, మృగం కనుమరుగు కాగానే దాని పేర్లను ఇతర మృగాలు పంచుకున్నాయి.

ఇక చుక్కల సంగతి. ఇక్కడే కొంత నిదానంగా చూడవలసి ఉన్నది.

చిరుత మేనిపై ఉన్నవి నిజానికి చుక్కలు కావు. దాని వీపు మీద, పక్కల మీద నాలుగైదు నల్లని మచ్చలు వలయంగా చేరి, విరిసిన పువ్వు రేకుల వలె కనిపిస్తాయి. ఆ రేకుల నడుమ లేత గోధుమవన్నె ఉంటుంది. అంటే అవి లోపల ఖాళీగా ఉండే వలయాలు. చీతా మేనిపై ఉన్నవి అచ్చమైన చుక్కలు. పసిబిడ్డ బుగ్గన తల్లి పెట్టిన దిష్టిచుక్క వలె గుండ్రంగా, నిండుగా, నల్లగా ఉంటాయి. ఒక్కొక్కటి మూడు నుండి అయిదు సెంటీమీటర్ల వెడల్పు కలిగి ఉంటుంది. ఒక చీతా ఒంటిమీద ఇంచుమించు రెండువేల చుక్కలు ఉంటాయని అంచనా. పొట్ట మాత్రం తెల్లగా, చుక్కలు లేకుండా ఉంటుంది. తోక చివరి భాగానికి వచ్చేసరికి ఆ చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి కడియాలుగా మారతాయి. కొసన తెల్లని కుచ్చు ఉంటుంది.

చుక్కలను పరీక్షించే అవకాశం లేనంత దూరంలో ఉన్నా, ముఖం చూచి చీతాను గుర్తుపట్టవచ్చు. దాని కంటికొలకుల నుండి రెండు నల్లని గీతలు ముక్కు పక్కగా జారి నోటి మూలల వరకు వస్తాయి. కాటుక పెట్టుకున్న పిల్ల ఏడ్చినప్పుడు చెంపల మీద జారిన చారల వలె ఉంటాయవి. చిరుతకు ఈ కన్నీటి చారలు లేవు. చీతా పట్టపగలు వేటాడే మృగం కనుక, ఎండ మిరుమిట్లు కంటిలో పడకుండ ఈ నల్లగీతలు తోడ్పడతాయని కొందరి ఊహ. వినడానికి ఇది ముచ్చటగా ఉన్నది గాని, శాస్త్రజ్ఞులు దీనిని నిరూపించినవారు కారు. ప్రకృతిలోని ప్రతి గీతకూ ఒక ప్రయోజనం కట్టబెట్టాలనే తొందర మనకు తగదు.

చీతా పిల్లల వేషం మరీ విచిత్రం. పుట్టిన కొన్ని నెలల వరకు వాటి మెడమీద, వీపుమీద పొడవైన బూడిదరంగు జూలు ఉంటుంది. దాని కింద ఒళ్ళు నల్లగా ఉంటుంది. ఎండుగడ్డిలో పడుకున్న పిల్లను ఈ జూలు దాచిపెడుతుంది. రాటెల్ అనే ఒక చిన్న జంతువు ఉన్నది. దానికి వీపు తెలుపు, కింద నలుపు. మొండిదనానికి పేరుపడిన ఆ జంతువు జోలికి పెద్ద మృగాలు సైతం సులభంగా వెళ్ళవు. చీతా పిల్ల దూరానికి దానివలె కనబడి బతికిపోతుందని మరొక ఊహ. శాస్త్రజ్ఞులు చీతాకు పెట్టిన లాటిన్ నామంలోని 'జుబేటస్' అనే రెండవ భాగానికి జూలు కలది అని అర్థం. 'అసినోనిక్స్' అనే మొదటి భాగానికి కదలని గోరు కలది అని అర్థం.

ఈ గోటి విషయమే చీతాను తక్కిన మార్జాలజాతి నుండి వేరు చేస్తున్నది. పిల్లి గాని, పులి గాని, చిరుత గాని నడిచేటప్పుడు గోళ్ళను లోపలికి ముడుచుకుంటాయి. పట్టుకోవలసినప్పుడు బయటకు తీస్తాయి. కత్తి ఒరలో ఉన్నట్లు గోరు చర్మపు తొడుగులో ఉంటుంది కనుక దాని పదును చెడదు. చీతా గోటికి అట్టి ఒర లేదు. గోరు కొంతమేరకే లోపలికి పోతుంది. అందువల్ల దాని అడుగుజాడలో కుక్క జాడలో వలె గోటి గుర్తులు కూడ పడతాయి. నేలకు రాచుకొని మొద్దుబారిన ఈ గోళ్ళు చెట్టెక్కడానికి అంతగా అక్కరకు రావు గాని, పరుగులో కాలు జారకుండ నేలను పట్టి నిలుపుతాయి. ముందుకాలి లోపలివైపు కాస్త పైన ఉండే ఒక గోరు మాత్రం వాడిగా, వంపుగా ఉంటుంది. పారిపోతున్న జింక కాలిని లాగి పడవేసే కొక్కెం అదే.

దేహంలో తక్కిన భాగాలు కూడ ఈ పరుగుకు లొంగినవే. తల చిన్నది, కాళ్ళు పొడవైనవి, నడుము సన్ననిది, రొమ్ము లోతైనది. బరువు సాధారణంగా 35 నుండి 65 కిలోల వరకు ఉంటుంది. దూరం నుండి చూస్తే పిల్లి తల తగిలించుకున్న వేటకుక్కను చూచినట్లుంటుంది. వెన్నెముక వింటిబద్ద వలె వంగి సాగుతుంది. నాలుగు కాళ్ళూ పొట్ట కిందకు చేరినప్పుడు ఒకమారు, నాలుగూ ముందుకు వెనుకకు చాచినప్పుడు ఒకమారు, ఒక్క అంగలోనే రెండుసార్లు దాని దేహం పూర్తిగా గాలిలో తేలుతుంది. ఒక్కొక్క అంగ ఏడు మీటర్ల వరకు ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు తోక పడవకు చుక్కాని చేసే పని చేస్తుంది. గోదావరిలో పడవ నడిపేవారికి ఈ ఉపమానం విప్పి చెప్పనక్కరలేదు. అంత వేగంలోనూ దాని తల మాత్రం ఊగదు. చూపు జింక మీదనే నిలిచి ఉంటుంది. చీతా లోపలిచెవి నిర్మాణం తక్కిన మార్జాలాలకు లేనంత ప్రత్యేకమైనదని 2018లో ప్రచురితమైన ఒక పరిశోధన వెల్లడించింది. శరీరపు సమతూకాన్ని కాపాడేది ఆ లోపలిచెవియే.

దాని వేగాన్ని గురించి వాడుకలో ఉన్న అంకెలను కొంత తగ్గించి చూడవలసి ఉన్నది. ఆలన్ విల్సన్, ఆయన సహచరులు బోట్స్‌వానా దేశంలోని అడవి చీతాల మెడలకు పరికరాలు కట్టి 367 పరుగులను కొలిచారు. ఆ ఫలితాలు 2013లో 'నేచర్' పత్రికలో వెలువడ్డాయి. అన్నిటిలో హెచ్చు వేగం గంటకు 93 కిలోమీటర్లు. అయితే చాలా వేటలలో అది అందుకున్న వేగం అందులో సగానికి కాస్త పైన మాత్రమే. సగటున ఒక పరుగు 173 మీటర్లు. వేట విజయం వేగంలో కంటె, వేగాన్ని క్షణంలో పెంచడంలోను, క్షణంలో తగ్గించి పక్కకు మళ్ళడంలోను ఉన్నదని ఆ పరిశోధన తేల్చింది. ప్రాణభయంతో పరుగెత్తే జింక వంకరటింకరగా పోతుంది కదా!

ఇంతటి పరుగుకు చీతా చెల్లించుకున్న మూల్యం చిన్నది కాదు. గాలి ధారాళంగా పీల్చుకొనే విశాలమైన ముక్కుద్వారాల కోసం కోరల మొదళ్ళకు చోటు తగ్గింది. అందువల్ల కోరలు చిన్నవి. బలమైన దేహం లేదు. కష్టపడి పడగొట్టిన జింకను సింహమో, చిరుతో, దుమ్ములగొండో వచ్చి లాక్కుంటే పోరాడలేక తప్పుకుంటుంది. చిరుత తన ఎరను చెట్టుకొమ్మ మీదకు మోసుకొనిపోగలదు. చీతాకు ఆ అవకాశం లేదు. అది గర్జించలేదు కూడ. సంతోషం కలిగితే పెంపుడు పిల్లి వలె గురగురలాడుతుంది; పిల్లలను పిలిచేటప్పుడు పిట్ట కూసినట్లు కూస్తుంది.

మనుష్యుడి జోలికి రాని ఈ సాధుస్వభావమే దానికి ముప్పు తెచ్చింది. అడవి నుండి పట్టి తెచ్చిన చీతా కొద్దినెలలలోనే మచ్చిక అయ్యేది. రాజులు దానిని వేటకు వాడుకున్నారు. కళ్ళకు గంతలు కట్టి, ఎద్దుబండి మీద కూర్చుండబెట్టి, కృష్ణజింకల మంద దగ్గరకు తీసుకొనిపోయేవారు. బండ్లకు అలవాటుపడిన జింకలు బెదిరేవి కావు. అదను చూచి గంతలు విప్పేవారు. ఆ తరువాతి కథ కొన్ని క్షణాలలో ముగిసేది. మొగలు చక్రవర్తి అక్బరు దగ్గర ఒక దశలో వేయి చీతాలు ఉండేవని ఆయన కుమారుడు జహంగీరు తన జ్ఞాపకాలలో రాశాడు. అన్ని చీతాలు ఉన్నా అవి బందిఖానాలో పిల్లలను పెట్టలేదు. 1613లో ఒక ఆడచీతా మూడు పిల్లలను కన్నప్పుడు జహంగీరు దానిని వింతగా నమోదు చేశాడు. మరల అటువంటి సంఘటన కోసం లోకం 1956 దాకా, అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతుప్రదర్శనశాలలో పిల్లలు పుట్టేదాకా వేచి ఉండవలసి వచ్చింది. దీని అర్థం ఏమిటి? రాజుల కొట్టాలలో ఒక చీతా చనిపోయిన ప్రతిసారీ మరొకటి అడవి నుండే రావలసి వచ్చింది. తల్లి నుండి వేట నేర్చుకున్న పెద్ద చీతాలనే వేటకు ఎన్నుకొనేవారు. ఈ విధంగా మూడు నాలుగు వందల ఏళ్ళపాటు పిల్లలను కనవలసిన వయస్సులోని చీతాలు అడవిని విడిచి బండి ఎక్కాయి.

తెలుగునేలకు సంబంధించి చీతా చరిత్రలో ఒక విషాద ఘట్టం ఉన్నది. 1880లో విశాఖపట్నంలో గవర్నరు ఏజెంటుగా ఉన్న ఓ.బి. ఇర్విన్ అనే ఆంగ్లాధికారి, విజయనగరం రాజావారికి చెందిన వేట చీతా దాడికి గురై మరణించాడు. చీతా వల్ల మనిషి మరణించినట్లు గ్రంథస్థమైన మొదటి సంఘటన ఇదే అంటారు. అదైనా మనిషి కట్టి తెచ్చిన చీతా. అడవిలో స్వేచ్ఛగా తిరిగే చీతా మనిషిని చంపినట్లు నమోదు లేదు. అయినను క్రూరమృగాలను చంపినవారికి ప్రభుత్వం బహుమానాలిచ్చిన ఆ కాలంలో చీతాకు మినహాయింపు దొరకలేదు. దానికి ఇల్లయిన పచ్చికబయళ్ళు పొలాలయ్యాయి. దానికి ఆహారమైన కృష్ణజింకలు తుపాకులకు బలి అయ్యాయి.

1947లో కొరియా సంస్థానాధీశుడు రామానుజ ప్రతాప్ సింగ్ దేవ్ ఒక రాత్రి మూడు మగచీతాలను కాల్చి చంపాడు. ఆ ప్రాంతం నేటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది. మన దేశంలో అడవి చీతాలు ఉన్నాయనడానికి ప్రత్యక్షసాక్ష్యంగా నిలిచిన చివరి కళేబరాలు అవే. కంటికి కనబడిన చివరి వార్తలలో ఒకటి మాత్రం మన చిత్తూరు జిల్లా నుండి వచ్చింది. అప్పటికి ఆ జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అక్కడ చీతా కనబడిన సంగతిని కె.ఎం. కిర్క్‌పాట్రిక్ 1952లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రెండు పుటలలో తెలియజేశాడు. అదే సంవత్సరం భారతదేశంలో చీతా అంతరించినట్లు ప్రభుత్వం ప్రకటించింది. మరుసటి సంవత్సరం ఆంధ్రరాష్ట్రం అవతరించింది. ఆ తరువాత కృష్ణజింక రాష్ట్ర జంతువుగా గౌరవం పొందింది. తరుముకొని వచ్చేది పోయింది. తప్పించుకొని పరుగెత్తడం నేర్చినది మిగిలింది. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు పచ్చికబయళ్ళలో కృష్ణజింక ఎగిరి దూకుతూ పోయే వేగాన్ని చూచినప్పుడు, నేడు ఆ నేల మీద దానిని అంత వేగంతో తరిమే మృగమేదీ లేదు గదా అనే ఆలోచన రాక మానదు.

పోయినదానిని తిరిగి తెచ్చే ప్రయత్నంలో హైదరాబాదుకు కూడ కొంత పాత్ర ఉన్నది. 2000వ సంవత్సరం ప్రాంతంలో అక్కడి కణ, అణు జీవశాస్త్ర కేంద్రం క్లోనింగ్ ద్వారా చీతాను పుట్టించాలని తలపెట్టింది. ఆసియా చీతాలు నేడు మిగిలి ఉన్నది ఇరాన్‌లో మాత్రమే. అదీ అతి కొద్దిసంఖ్యలో. ఆ దేశం తన చీతాలను గాని, వాటి జీవకణాలను గాని ఇవ్వడానికి అంగీకరించలేదు. 2013లో సౌదీ అరేబియా రాకుమారుడు బహూకరించిన అబ్దుల్లా, హీబా అనే చీతాల జంట హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలకు వచ్చింది. హీబా 2020లోను, అబ్దుల్లా 2023లోను మరణించాయి. 2020లో వెలువడిన ఒక పరిశోధనలో, కలకత్తా, మైసూరు ప్రదర్శనశాలలలో భద్రపరచిన పాత చీతా అవశేషాలతోపాటు హైదరాబాదు జంతుప్రదర్శనశాలలోని చీతా రక్తాన్ని కూడ పరీక్షించారు. ఈలోగా 2022 సెప్టెంబరు 17న నమీబియా నుండి 8 చీతాలు, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుండి 12 చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి చేరాయి. వాటిలో కొన్ని మరణించాయి. అక్కడే కొన్ని పిల్లలు పుట్టాయి. అవి ఆఫ్రికా చీతాలు. చిత్తూరు జిల్లాలో కనబడిన ఆసియా చీతాకు జ్ఞాతులే గాని, అవే కావు.

చీతాల రక్తాన్ని పరీక్షించినవారికి ఒక ఆశ్చర్యకరమైన సంగతి తెలిసింది. స్టీఫెన్ ఓబ్రయన్, ఆయన సహచరులు 1980 దశకంలో దక్షిణాఫ్రికా చీతాలను పరిశీలించగా, వాటి జన్యువులలో భేదాలు దాదాపు లేవని బయటపడింది. ఒక చీతా చర్మం ముక్కను, దానితో చుట్టరికం లేని మరొక చీతాకు అతికించారు. సాధారణంగా పరాయి చర్మాన్ని శరీరం తిరస్కరిస్తుంది. చీతా శరీరం చాలావరకు దానిని తనదిగానే భావించింది. ఏనాడో, బహుశా పదివేల ఏళ్ళకు పూర్వం, చీతాలు అంతరించే స్థితికి వచ్చి, మిగిలిన కొద్దింటి నుండే తిరిగి పెరిగి ఉంటాయని శాస్త్రజ్ఞులు భావించారు. ఇట్టి ఏకరూపత ప్రమాదకరం. ఒక వ్యాధి ఒక చీతాను చంపగలిగితే తక్కినవాటిని కూడ చంపగలదు. 1980 దశకం తొలినాళ్ళలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒకచోట పెంచుతున్న చీతాలలో సగానికి పైగా ఒకే అంటువ్యాధితో మరణించాయి.

రక్తం ఇంతగా ఒకటే అయినా, చుక్కల అమరిక మాత్రం ఏ రెండు చీతాలకూ ఒక్కటి కాదు. కవలలకు సైతం వేలిముద్రలు వేరువేరుగా ఉన్నట్లే ఇది. అడవిలో చీతాలను పరిశీలించేవారు ఛాయాచిత్రాలలోని చుక్కలను, తోక కడియాలను పోల్చి ఏది ఏ చీతాయో చెబుతారు. ఈ చుక్కలు ఎట్లు ఏర్పడతాయనే ప్రశ్నకు సమాధానం దొరకడానికి కారణమైనది చుక్కలు సరిగా పడని ఒక చీతా.

1926లో దక్షిణ రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, ఎ.సి. కూపర్ అనే సైనికాధికారి ఒక వింత చర్మాన్ని చూచాడు. దానిమీద విడివిడి చుక్కలకు బదులు పెద్ద పెద్ద నల్లని మచ్చలు ఉన్నాయి. వీపుమీద మెడ నుండి తోక దాకా నల్లని చారలు సాగి ఉన్నాయి. అది చిరుతకూ దుమ్ములగొండికీ పుట్టిన సంకరజంతువని అక్కడివారి నమ్మకం. లండనులోని ఆర్.ఐ. పోకాక్ 1927లో దానిని సరికొత్త జాతిగా నిర్ణయించి, రాజు అనే అర్థం గల 'రెక్స్' అనే పేరు పెట్టాడు. నాటినుండి అది 'రాజచీతా' అయింది. పన్నెండేళ్ళ తరువాత ఆయనే తన నిర్ణయాన్ని సవరించుకున్నాడు. పండితుడు తన తప్పును తానే దిద్దుకోవడం చిన్న విషయమేమీ కాదు. 1981లో దక్షిణాఫ్రికాలోని డి విల్ట్ చీతా కేంద్రంలో మామూలు చుక్కల తల్లికి రాజచీతా పిల్ల పుట్టడంతో సందేహం తీరిపోయింది. అది వేరు జాతి కాదు, సంకరమూ కాదు. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటిగా వచ్చే జన్యువు ప్రతులు రెండింటిలోనూ మార్పు ఉన్నప్పుడు మాత్రమే ఆ రూపం బయటపడుతుంది. ఒక్క ప్రతిలోనే మార్పు ఉంటే చీతా మామూలు చుక్కలతోనే కనిపిస్తుంది. మార్పు లోపల దాగి సంతానానికి అందుతుంది.

ఆ జన్యువు ఏదో 2012లో తెలిసింది. క్రిస్టఫర్ కేలిన్, గ్రెగరీ బార్ష్, వారి సహచరులు 'సైన్స్' పత్రికలో తమ ఫలితాలను ప్రకటించారు. వారు వెదకడం మొదలుపెట్టినది చీతాలలో కాదు, పిల్లులలో. చారల పిల్లులలో రెండు రకాలు ఉన్నాయి. ఒక రకానికి పక్కల మీద సన్నని నిలువు చారలు వరుసగా ఉంటాయి. మరొక రకానికి ఆ చారలు ముద్దలై సుడులు తిరిగి ఉంటాయి. ఈ రెండవ రకం పిల్లులలో మార్పు చెందినది టాక్పెప్ అనే జన్యువు. రాజచీతాలో పరీక్షించి చూడగా అక్కడ కూడ మార్పు చెందినది అదే జన్యువు. పిల్లిలో సన్నచారలను సుడులుగా మార్చిన లోపమే చీతాలో చుక్కలను పెద్దమచ్చలుగా మార్చింది.

దీనిని గ్రహించడానికి సంక్రాంతి ముగ్గు మనకు సాయపడుతుంది. ధనుర్మాసంలో కోనసీమ వాకిళ్ళలో ముగ్గు పెట్టే స్త్రీ మొదట చుక్కలు పెడుతుంది. ఏ చుక్క ఎక్కడ, ఎంత ఎడంలో ఉండాలో అప్పుడే నిర్ణయం అయిపోతుంది. రంగులు నింపడం తరువాతి పని. చీతా మేని మీద కూడ ఈ పని రెండు దశలలో జరుగుతుంది. పిల్ల ఇంకా తల్లి గర్భంలో ఉండగానే, వెంట్రుకలకు రంగు రాకముందే, చర్మంలో ఎక్కడ నలుపు ఉండాలో ఎక్కడ పసుపు ఉండాలో గుర్తులు పడతాయి. ఆ ఎడాలను నిలిపేది టాక్పెప్. తరువాత వెంట్రుకలు మొలిచేటప్పుడు, ఆ గుర్తులను అనుసరించి నల్లరంగు నింపే పనిని మరొక జన్యువు నడుపుతుంది. టాక్పెప్ చెడితే చుక్కల నడుమ ఎడం చెడిపోతుంది; చుక్కలు ఒకదానిలోనికి ఒకటి ఒరిగి చారలవుతాయి. రంగు నింపిన చేతిలో లోపం లేదు.

రంగు నింపే దశలోనే తేడా వస్తే మరొక వింత పుడుతుంది. ఓర్ఛా రాజు వీర్ సింగ్ దేవ్ 1608లో తనకు ఒక తెల్లచీతాను తెచ్చి చూపినట్లు జహంగీరు రాశాడు. దాని చుక్కలు నీలివన్నెలో ఉన్నాయట. తెల్లని మేని మీద కూడ నీలిచాయ ఉన్నదట. చుక్కల అమరిక యథాప్రకారం ఉండి, రంగు మాత్రమే పలచబడిన చీతా అది కావచ్చు.

రాజచీతాను చూడడానికి ఆఫ్రికా పోవడం అందరికీ సాధ్యం కాదు. పిల్లులు మాత్రం ఆత్రేయపురంలోనూ ఉన్నాయి. పూతరేకుల పొయ్యి చల్లారాక ఆ వెచ్చదనానికి చేరి ముడుచుకొని పడుకొనే పిల్లి ఒంటిని ఒకసారి తేరిపార చూడండి. మన ఊళ్ళలో తరచుగా కనిపించేవి పక్కల మీద సన్నచారలు గల పిల్లులే. వాటిలో టాక్పెప్ చెడలేదన్నమాట. అరుదుగా ఎక్కడైనా చారలు ముద్దలై, నత్తగుల్ల వలె సుడి తిరిగిన పిల్లి కంటబడితే, 1926లో కూపర్ చేతికి వచ్చిన ఆ చర్మానికి దగ్గరి చుట్టం మీ పొయ్యి పక్కనే నిద్రపోతున్నదని తెలుసుకోవచ్చు.